నేను రాసింది ఎవరు తీసేశారండీ?

కిందటి సంచికలో వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టేవాళ్ల కోసం రెండు ముక్కలు రాసి, అనుమానాలుంటే అడగండి అన్నాను. అన్నందుకు నాకు బాగానే శాస్తి జరిగింది. వచ్చినవాటిలో సగం పైగా అనుమానాలు కావు, ఫిర్యాదులు. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లేదు, ఉత్తరాల్ని కూడా కుదించాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: తెలుగు వికీపీడియాలో (మేం తెవికీ అంటాం) చాలా ఏళ్లుగా రాస్తున్నాను గానీ నేను అక్కడ నిర్వాహకుణ్ణి కాను, మీ వ్యాసం తీసేసింది నేను కాదు.

ప్రశ్న: ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టార్ని. ఒక గణిత శాస్త్రవేత్త వ్యాసంలో పుట్టిన సంవత్సరం తప్పుంటే సరిచేశాను. పది నిమిషాల్లో పాత తప్పే మళ్లీ వచ్చి కూర్చుంది. ఎవరో 'మూలం లేదు' అని రెండే రెండు మాటలు రాసి నాది తీసేశారు. నన్ను అడగకుండా ఎలా తీసేస్తారు? నాకు తెలిసిన విషయం నాకు తెలియదనడానికి వాళ్లెవరు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందు ఆ పేజీ పైన 'చరిత్ర' అని ఉంటుంది, అది నొక్కండి. ఆ వ్యాసం పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది. మీరు రాసిన కూర్పూ అక్కడే ఉంది, ఎవరూ చెరిపెయ్యలేదు, దాని మీద ఇంకో కూర్పు వచ్చి చేరిందంతే. ఆ రెండింటినీ పోల్చి చూడమంటే ఎడమ పక్క పాతది పసుపు గీతతో, కుడి పక్క కొత్తది నీలం గీతతో చూపిస్తుంది. మీ మార్పుని అందులో ఒకసారి బయటివాడిలా చూడండి. ఎడమ పక్క ఒక సంవత్సరం, కుడి పక్క ఇంకో సంవత్సరం, ఎందుకు మార్చామో ఒక్క ముక్కలో రాసే సారాంశం పెట్టె ఖాళీ. మీ ముప్పై ఏళ్ల అనుభవం అక్కడ ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు అవతలి మనిషి సంగతి. 'ఇటీవలి మార్పులు' అనే పేజీ తెరుచుకుని, వచ్చినవాటిని ఒకటొకటిగా చూసుకుంటూ పోయే మనిషి ఆయన, మనలాగే జీతం లేని బాపతు. వికీలో ఆకతాయిలకి ఇష్టమైన పనుల్లో ఒకటి అంకెలు మార్చడం. బూతు రాస్తే ఇట్టే దొరికిపోతారు, అదే 1887ని 1878 చేస్తే నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోవచ్చు. అందుకే కారణం రాయకుండా ఎవరైనా సంవత్సరం మారిస్తే మాకు వెంటనే అనుమానం వస్తుంది. మీ మార్పూ ఆకతాయి మార్పూ తెర మీద అచ్చం ఒకేలా ఉన్నాయి, అదీ వచ్చిన చిక్కు.

ఇక 'నాకు తెలుసు కదా' అన్న సంగతి. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్‌కి 2012లో ఇదే అనుభవం ఎదురైంది. తన నవలకి స్ఫూర్తి ఫలానా వ్యక్తి అని ఇంగ్లీషు వికీపీడియాలో ఉన్నది తప్పని, రాసిన మనిషిని నేనే చెప్తున్నానని, ఆ మాట తీసేయమని వేరొకరి ద్వారా అడిగించాడు. రచన గురించి రచయిత కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఉండరు, నిజమే, కానీ మాకు వేరే మూలం కావాలి అని జవాబొచ్చింది. ఆయనకి ఒళ్లు మండి న్యూయార్కర్ పత్రికలో వికీపీడియాకి పెద్ద బహిరంగ లేఖ రాశాడు. తమాషా ఏమిటంటే ఆ లేఖ అచ్చవగానే చూపించడానికి ఒక మూలం దొరికింది, ఆయన మాట వ్యాసంలోకి ఎక్కింది. నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే వేరే దారి కూడా లేదు, ఫోన్ చేసి 'నేనే ఆ రచయితని' అనేవాళ్లందరినీ నమ్మితే రేపు ఎంతమంది రచయితలు తయారవుతారో!

మీ క్లాసులో స్టెప్పులు రాయకుండా చివర్న జవాబు ఒక్కటే వేసిన కుర్రాడికి మీరు ఎన్ని మార్కులు వేసేవారు? జవాబు కరెక్టే అయినా 'ఎలా వచ్చిందిరా ఇది' అని అడిగేవారా, లేదా? ఇక్కడ మిమ్మల్ని అడిగిందీ అదే. ఆ సంవత్సరం ఏ పుస్తకంలో చూశారో దాని పేరు, రచయిత, అచ్చయిన ఏడు, పేజీ నంబరు ఇస్తూ మళ్లీ మార్చండి. సారాంశం పెట్టెలో 'పుట్టిన సంవత్సరం సవరణ, ఫలానా పుస్తకం ప్రకారం' అని ఒక్క ముక్క రాయండి. ఆ పుస్తకం నెట్‌లో లేకపోయినా ఫరవాలేదు, బీరువాలో ఉన్న అచ్చు పుస్తకమూ మూలమే, ఇది తెలియకే చాలామంది పెద్దవాళ్లు ఆగిపోతున్నారు. ఇంకెవరో ఇంకో పుస్తకం తెచ్చి ఇంకో సంవత్సరం చూపిస్తే రెండూ రాస్తాం, ఏది ఎక్కడ ఉందో చెప్తాం, అంతటితో మన పని అయిపోయింది.

ఒకటి మాత్రం మీ పక్షమే. 'మూలం లేదు' అని రెండు మాటల్లో తేల్చెయ్యడం కొత్తవాళ్లకి చెంపదెబ్బలాగే ఉంటుంది. కొత్తవారిని ఆదరించమని వికీలో ఒక మార్గదర్శకమే ఉంది, రోజుకి యాభై మార్పులు చూసే విసుగులో మేమే దాన్ని మర్చిపోతుంటాం. 'ఎక్కడ చూశారో చెప్తే ఉంచుకుంటాం' అని రాసి ఉంటే మీరీ ఉత్తరం రాసేవారు కాదు.

ప్రశ్న: ఒక పెద్ద రచయిత వ్యాసంలో 'జన్మించాడు', 'రాశాడు' అని ఉంటే చదవలేక అన్నిచోట్లా 'జన్మించారు', 'రాశారు' అని మార్చి, పేరు చివర 'గారు' చేర్చాను. రెండు గంటలు పట్టింది. ఒక్క నొక్కుతో మొత్తం వెనక్కి తిప్పేశారు. పెద్దవాళ్లని వాడూ వీడూ అనడమేనా విజ్ఞాన సర్వస్వం అంటే?

జవాబు: ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని తలనొప్పి ఇది, మనకి మాత్రం ప్రతి కొత్త మనిషితోనూ మళ్లీ మొదలవుతుంది. తెవికీలో పద్ధతి ఏకవచనం. గారు, శ్రీ, కీర్తిశేషులు, ఏవీ ఉండవు. 'స్వర్గస్తులయ్యారు' ఉండదు, 'మరణించాడు' ఉంటుంది.

ఎందుకంటారా? మీకు నచ్చిన రచయితకి గారు పెట్టారు, బావుంది. ఆయన్ని జీవితాంతం తిట్టిపోసిన విమర్శకుడికి పెడతారా? ఒక రాజుకి పెట్టి ఆ రాజుని ఓడించినవాడికి మానేస్తే ఎవరి పక్షాన రాస్తున్నట్టు? ఎవరికి పెట్టాలో, ఎవరికి అక్కర్లేదో ప్రతి పేజీలో ఓటింగ్ పెట్టుకోలేం. 'అశోకుడు చెట్లు నాటించెను' అని చదువుకున్న రోజుల్లో అశోకుణ్ణి అవమానించారని మనకెవరికీ అనిపించలేదు కదా. విజ్ఞాన సర్వస్వంలో ఏకవచనం కూడా అలాంటిదే, అది దూరం పాటించే గొంతు, చిన్నచూపు కాదు.

నిజం చెప్పొద్దూ, నాకూ మొదట్లో చెయ్యి ఆడలేదు. 'జననం 1890లో', 'తొలి కథ అచ్చయినది ఫలానా పత్రికలో' అంటూ అసలు క్రియే రాకుండా రెండు నెలలు నెట్టుకొచ్చాను. చదివితే పెళ్లి శుభలేఖలా ఉండేది. ఇదంతా వ్యాసాల్లోనే సుమా. చర్చ పేజీల్లో మాత్రం తోటివాళ్లని మీరు అనే పిలుస్తాం, గారు తగిలించే మాట్లాడుకుంటాం, అక్కడ ఏకవచనం వాడితే నిజంగానే గొడవలవుతాయి.

ప్రశ్న: ఖాతా తెరిచి వారమైంది. ఏదైనా పాడైపోతుందేమోనని భయంతో 'సవరించు' నొక్కి, చూసి, వెనక్కి వచ్చేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాడు చెయ్యడంలో నాకు అనుభవం ఉంది కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, మొదలుపెట్టండి. నా మొదటి వారంలో ఒక నది వ్యాసంలో పొడవు సరిచెయ్యబోయాను. కుడి పక్క పెట్టెలా కనిపిస్తుందే, సమాచారపెట్టె, దాని కోడు రెండు ఫ్లవర్ బ్రాకెట్లతో మొదలై రెండింటితో ముగియాలి. నేను చివర్న ఒకటి చెరిపేసినట్టున్నాను. ప్రచురించగానే పెట్టె పగిలి లోపలి సరంజామా, నిలువు గీతలూ సమానం గుర్తులూ సహా, వ్యాసం నెత్తిన కుమ్మరించినట్టు పడింది. కంగారులో బాగుచెయ్యబోయి ఇంకో మూడుసార్లు ప్రచురించాను, ఒక్కోసారికీ ఒక్కో కొత్త రూపం. చివరికి ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఎవరో సరిచేసి, సారాంశంలో 'బ్రాకెట్ తగిలించాను' అని రాసి వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. ఆ చరిత్ర పేజీలో నా నాలుగు వీరంగాలూ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

కాబట్టి మీరు చెయ్యాల్సింది: మీకిష్టమైన విషయం మీద ఏదో ఒక వ్యాసం మామూలుగా చదవండి. చదువుతుంటే అచ్చుతప్పు తగులుతుంది, తగలకుండా ఉండదు. దాన్ని దిద్దండి, 'అక్షరదోషం సవరణ' అని సారాంశం రాయండి, ప్రచురించే ముందు మునుజూపు (పేజీ ఎలా కనిపించబోతోందో ముందే చూపించేది) చూడండి. అలాంటివి ఒక ఇరవై చేసేసరికి లింకు ఎలా ఇస్తారో, మూలం ఎలా పెడతారో పక్కవాళ్లు పెట్టినవి చూసే వచ్చేస్తుంది, పాఠం చదవక్కర్లేదు. తరవాత మొలకల మీదికి వెళ్లండి. రెండు మూడు వాక్యాలు రాసి వదిలేసిన వ్యాసాల్ని మొలకలంటాం, అవి బోలెడున్నాయి, వాటిలో ఒకదాన్ని తీసుకుని నాలుగు పేరాలు చెయ్యడం కొత్త వ్యాసం పెట్టడం కంటే తేలిక, ఎవరూ తొలగించమని అడగరు కూడా. పెద్ద ప్రయోగాలకి మీ పేరు పక్కనే 'ప్రయోగశాల' ఉంటుంది, అక్కడ బ్రాకెట్లు ఎన్ని పగలగొట్టినా అడిగేవాడు లేడు.

టైపింగ్ సంగతి కూడా అడిగారు. రాసే పెట్టెలో కర్సర్ పెట్టి కంట్రోల్, ఎం కలిపి నొక్కితే తెలుగుకీ ఇంగ్లీషుకీ మారుతుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ప్రశ్న: చరిత్రలో నా పేరు పక్కన ఎర్రటి అంకె పడింది. అంటే తప్పు చేసినట్టా?

జవాబు: కాదు. పేజీ సైజు ఎన్ని బైట్లు పెరిగిందో, తగ్గిందో చెప్పే అంకె అది. పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, గుణింతం గుర్తు మళ్లీ వేరే లెక్క. 'తెలుగు' అని రాస్తే పద్దెనిమిది బైట్లన్నమాట. మీరొక అనవసరమైన దీర్ఘం తీసేస్తే ఎర్రగా మైనస్ మూడు పడుతుంది. చెత్త ఊడ్చేవాళ్ల పేరు పక్కన అన్నీ ఎర్ర అంకెలే ఉంటాయి.

ప్రశ్న: మా మేనమామ గొప్ప రంగస్థల నటుడు. ఆయన మీద మూడు రోజులు కష్టపడి వ్యాసం రాస్తే 'విషయ ప్రాముఖ్యత లేదు' అని తొలగింపు చర్చ పెట్టారు. ప్రాముఖ్యత లేదని ఆయన మొహం మీద చెప్పగలరా?

జవాబు: చెప్పలేం, చెప్పనవసరమూ లేదు. ఆ మాట తెలుగులో కాస్త కటువుగా పడింది గానీ, మీ మేనమామ గారు గొప్పవారా కాదా అని కాదు దాని అర్థం. ఆయనతో సంబంధం లేనివాళ్లు, ఆయన గురించి, పేరున్న పుస్తకంలోనో పత్రికలోనో కాస్త విస్తారంగా రాశారా అన్నదే ప్రశ్న. సన్మాన పత్రం పనికిరాదు, ఆయన సొంత కరపత్రం పనికిరాదు, ఫేస్‌బుక్ పోస్టు అసలే పనికిరాదు.

ఈ కొలబద్ద ఒక్కోసారి ఘోరంగా తప్పుతుంది, దాచడమెందుకు. 2018 మే నెలలో డోనా స్ట్రిక్లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద ఒకరు ఇంగ్లీషు వికీపీడియాకి వ్యాసం రాసి పంపితే, ఇచ్చిన మూలాలు సరిపోవని చిత్తుప్రతిని తిప్పికొట్టారు. అదే ఏడు అక్టోబరు 2న ఆవిడకి నోబెల్ బహుమతి ప్రకటించారు. భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మూడో మహిళ ఆవిడ, ప్రకటన నాటికి వికీపీడియాలో ఆవిడకి పేజీ లేదు. ప్రపంచమంతా వికీపీడియాని దులిపేసింది. నా మట్టుకు నాకు తప్పు రెండు వైపులా కనిపిస్తుంది: చూసినవాళ్లు ఇచ్చిన మూలాల దగ్గరే ఆగిపోయారు, ఇంకా ఉన్నాయేమో వెతకలేదు. అలాగని పత్రికలూ ఆవిడ గురించి అప్పటిదాకా పెద్దగా పట్టించుకోలేదు.

మీ వ్యాసంలో ఇంకో ఇబ్బంది, మీరు చూపించిన వాక్యమే తీసుకుందాం: 'ఆయన తన నటనా చాతుర్యంతో ప్రేక్షకుల హృదయాల్లో చెరగని ముద్ర వేశారు'. ఏ ప్రేక్షకులు? ఆ ముద్ర ఎవరు చూశారు? ఈ వాక్యం తీసి ఏ నటుడి పేజీలో పెట్టినా సరిపోతుంది, అంటే మీ మేనమామ గురించి అందులో ఏమీ లేదు. ఏ నాటకంలో ఏ వేషం, ఏ సంవత్సరం, ఏ బహుమతి, ఏ విమర్శకుడు ఏ పత్రికలో ఏమన్నాడు, ఇవి రాయండి, గొప్పదనం చదివినవాడికే అర్థమవుతుంది. ఇంకా మంచి దారి, మీరు రాయకండి. చుట్టం గురించి రాసేటప్పుడు చెయ్యి మన మాట వినదు. తొలగింపు చర్చలోనే 'నేను ఆయన మేనల్లుణ్ణి, నా దగ్గర ఈ కత్తిరింపులున్నాయి' అని చెప్పి మూలాలు అక్కడ పెట్టండి, పనికొచ్చేవుంటే ఇంకొకరు రాస్తారు. ఎవరైనా డబ్బులిచ్చి రాయించుకుంటే మాత్రం ఆ సంగతి బయటపెట్టి తీరాలి, అది వాడుక నియమాల్లోనే ఉంది.

ప్రశ్న: ఒక నటుడి విడాకుల గురించి వాట్సాప్‌లో వచ్చింది చేర్చాను. తీసేయడమే కాక నా చర్చ పేజీలో హెచ్చరిక పెట్టారు. అందరికీ తెలిసిన విషయమే కదా?

జవాబు: ఈ ఒక్కదానికీ మీ తరఫున మాట్లాడను. బతికున్న మనుషుల గురించి మూలం లేని మాట కనిపిస్తే చర్చలూ గిర్చలూ లేకుండా తీసెయ్యమనే నియమం. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ పేజీలో ఎవరో సరదాకి, కెన్నెడీ హత్యల్లో ఆయన పాత్ర ఉందని అనుమానించారని రాసి పోయారు. నాలుగు నెలల పాటు అది అలాగే ఉంది. ఆ పెద్దమనిషి ఆ కెన్నెడీల దగ్గరే పనిచేసినవాడు, ఎంత బాధపడి ఉంటాడో ఊహించుకోండి. ఆయన పత్రికలో రాశాకే అందరికీ మెలకువ వచ్చింది. ఆ తరవాతే ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేకుండా కొత్త పేజీ పెట్టడం ఆపేశారు, బతికున్నవారి విషయంలో నియమాలు బిగించారు.

ప్రశ్న: పేరున్న పత్రికలో వచ్చిన వార్తని మూలంగా ఇచ్చినా ఒప్పుకోలేదు, 'ఆ పత్రికే మన దగ్గర్నుంచి రాసింది' అన్నారు. ఇదేం విడ్డూరం?

జవాబు: విడ్డూరమే, కానీ జరుగుతుంది. 2008లో ఒక అమెరికన్ కుర్రాడు కోటి అనే జంతువు (మన అంకె కాదు, దక్షిణ అమెరికాలో ఉండే పొడుగు ముక్కు జంతువు) వ్యాసంలో, దీన్నే బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు అని సరదాకి ఒక ముక్క చేర్చాడు. అలా ఎవరూ అనరు, ఆర్డ్‌వార్క్ ఆఫ్రికాలో ఉండే వేరే జంతువు. ఆ ముక్క ఏళ్ల తరబడి ఉండిపోయింది. దాన్ని చూసి పత్రికలు రాశాయి. పత్రికల్లో వచ్చింది కదా అని వాటినే ఆ ముక్కకి మూలంగా చూపించారు! తన తోక తనే పట్టుకుని తిరిగే పిల్లిలా అన్నమాట.

కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. వార్త తేదీ చూడండి, చరిత్రలోకి వెళ్లి ఆ వాక్యం వ్యాసంలోకి ఎప్పుడొచ్చిందో చూడండి. వ్యాసంలో ముందొచ్చి వార్తలో తరవాత వచ్చి, మాటలు కూడా అవే అయితే ఆ వార్తని పక్కన పెట్టెయ్యాల్సిందే.

ప్రశ్న: అనువాద పరికరంతో రోజుకి ఐదు వ్యాసాలు చేసేస్తున్నాను. అయినా ఎవరూ మెచ్చుకోకపోగా ఆపమంటున్నారు.

జవాబు: ఐదు చేస్తున్నది మీరు కాదు, యంత్రం. ఒక వ్యాసంలో నేను స్వయంగా చూసిన వాక్యం: 'అతను అతని భార్య మరియు ఇద్దరు కుమార్తెలచే జీవించబడ్డాడు'. ఎవరైనా పోయినప్పుడు వెనక మిగిలినవాళ్లని చెప్పడానికి ఇంగ్లీషులో ఒక నుడికారం ఉంది, యంత్రం దాన్ని ఉన్నపళంగా దింపేసింది. మనం ఏమంటాం? 'అతనికి భార్య, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు' అంటాం. ఆ వాక్యం దగ్గర ఆగి, ఇదేం తెలుగు అని ఒక్క క్షణం అనుకున్న మనిషి ఉంటే అది ప్రచురణయ్యేది కాదు.

యంత్రం ఇచ్చినదాన్ని ఎంత మార్చారో ఆ పరికరం లెక్కేస్తుంది, తక్కువ మారిస్తే ప్రచురించనివ్వదు కూడా, దాన్ని దాటడానికి అక్కడక్కడా నాలుగు మాటలు అటూ ఇటూ మార్చేవాళ్లని కూడా చూశాను. ఒక చిన్న చిట్కా చెప్తాను. పేరా మొత్తం చదవండి, కిటికీ మూసెయ్యండి, పక్కన కూర్చున్న మనిషికి చెప్తున్నట్టు మీ మాటల్లో రాయండి. ఆ తరవాత పేర్లూ తేదీలూ సరిచూసుకోండి. 'చేత', 'బడి', 'మరియు', 'కలిగి ఉంది', ఈ నాలుగూ ఒకే పేరాలో కనిపిస్తే అది ఇంకా అనువాదం కాలేదని గుర్తు. రోజుకి ఒకటి చెయ్యండి చాలు.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్‌లో బాగా రాశారని రెండు పేరాలు తెచ్చి పెట్టి, కింద వాళ్ల లింకు కూడా ఇచ్చాను. అయినా తీసేశారు.

జవాబు: లింకిస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. వికీపీడియాలో రాసినదాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, పేరు చెప్పి అదే లైసెన్సు మీద మళ్లీ ఇస్తే సరి. ఇంకొకరి సొత్తుని ఆ షరతు మీద పంచిపెట్టే హక్కు మనకి లేదు. విషయం తీసుకోండి, వాక్యాలు మీవి రాయండి.

ప్రశ్న: నాకూ ఇంకొకాయనకీ ఒక వ్యాసంలో పోటీ నడుస్తోంది. నేను పెడతాను, ఆయన తీస్తాడు. సాయంత్రానికి ఏడుసార్లయింది. నేను తగ్గేది లేదు.

జవాబు: తగ్గండి. ఇంగ్లీషు వికీలో ఇరవై నాలుగు గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకి మించి తిరగ్గొడితే నిరోధం పడొచ్చు, అంటే మిమ్మల్ని రాయనివ్వకుండా ఆపెయ్యొచ్చు, మీరు చెప్పింది నిజమైనా సరే. మొదటిసారి తీసేసినప్పుడే వ్యాసం చర్చ పేజీకి వెళ్లి 'ఇది ఎందుకు ఉండాలంటున్నానంటే' అని రాసి, చివర్న నాలుగు టిల్డేలు (~~~~) పెట్టి సంతకం చేసి, ఒక రోజు ఆగాల్సింది. ఆయన పలకకపోతే రచ్చబండలో (అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ) అడగండి, మూడో మనిషి వస్తాడు. ఈలోగా వ్యాసం తప్పు కూర్పులో ఉండిపోతుందనే బాధ ఉంటుంది, నాకూ ఉంటుంది. ఒక రోజు తప్పుగా ఉంటే కొంపలేం మునగవు.

ప్రశ్న: ఎవరు పడితే వాళ్లు రాసే బదులు నిపుణులతో రాయించి, సరిచూసి పెట్టొచ్చు కదా? ఇన్ని గొడవలుండవు.

జవాబు: ముందు అదే చేశారండీ. జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ 2000లో న్యూపీడియా అని మొదలుపెట్టారు. నిపుణులు రాయాలి, ఏడు అంచెల్లో పరిశీలన జరగాలి. మొదటి ఏడాదిలో ఇరవై చిల్లర వ్యాసాలు పూర్తయ్యాయి. దానికి చిత్తుప్రతులు తయారుచేసుకోవడానికి పక్కన ఇంకోటి పెట్టుకుందామని 2001 జనవరి 15న తెరిచినదే వికీపీడియా, చూస్తుండగానే అది అసలుదాన్ని మింగేసింది. తెలుగుది 2003 డిసెంబరు 10న మొదలైంది. నిపుణులు వద్దని ఎవరూ అనలేదు, మూలం చూపించమంటారంతే.

ప్రశ్న: డబ్బులేమైనా ఇస్తారా? ఎన్ని మార్పులు చేస్తే నిర్వాహకుణ్ణి అవుతాను?

జవాబు: ఇవ్వరు. నిర్వాహకత్వానికి తోటివాళ్లు ఒప్పుకోవాలి, అయ్యాక వచ్చేది ఎక్కువ తిట్లు.

ప్రశ్న: నిన్న నేను ఒక ఊరు పేరులో ఒత్తు సరిచేశాను. ఈ రోజు గంట గుర్తు దగ్గర ఎవరో నాకు ధన్యవాదాలు తెలిపారని వచ్చింది. ఆయనెవరో నాకు తెలియదు. నేనేం చెయ్యాలి? తిరిగి జవాబు రాయాలా?

జవాబు: ఏం చెయ్యక్కర్లేదు. చరిత్ర పేజీలో ప్రతి మార్పు పక్కనా ఆ లింకు ఉంటుంది, ఎవరో మీ ఒత్తు చూసి నొక్కారు. నొక్కితే వెనక్కి తీసుకోవడం ఉండదు కాబట్టి పొరపాటున నొక్కారేమో అని మాత్రం అనుకోకండి, నొక్కే ముందు అది 'ఖాయమేనా' అని ఒకసారి అడుగుతుంది కూడా. మీ బ్రాకెట్ ఎవరైనా తగిలించి వెళ్తే మీరూ నొక్కండి. నా నది వ్యాసం బాగుచేసినాయనకి నేను నొక్కలేదు, అలాంటి లింకొకటి ఉందనే అప్పటికి తెలియదు.